నడవ వైపు తిరిగిన గది

"...అని నేనెప్పుడన్నాను? నేనన్నది ఒక్కటే. అడిగి తీసుకురావడం వేరు, అడక్కుండా బండి మాట్లాడెయ్యడం వేరు."

"అడిగితే రానంటుంది."

"రానంటే రానట్టే. చంటిపిల్లా, చంకనేసుకుని పోవడానికి?"

"నీకేం, ఎన్నైనా చెబుతావు. మా ఆఫీసులో అడుగుతున్నది నన్ను. మీ అక్కగారిని పంపించేశారటగా అని."

"నీళ్ళు రావడం లేదని జనం మొత్తుకుంటే పలకరు గానీ, మీ ఆఫీసువాళ్ళకి ఇవన్నీ కావాలి."

నాలుగో అంతస్తుకి ఇంకా సగం మెట్లుండగా ఆమె ఆగిపోయింది. కూరగాయల సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. పైన తన గది తలుపు ముందు నిలబడి, గొంతు తగ్గించి పోట్లాడుకుంటున్నది తమ్ముడూ మరదలూ. మెట్లదారిలో గొంతు తగ్గించినా ఫలితం ఉండదని మేడల్లో కాపురం చెయ్యనివాళ్ళకి తెలియదు. చాటుగా వింటూ నిలబడటం బాగుండదనిపించి ఆమె ఒకసారి దగ్గింది. చెప్పులు గట్టిగా చప్పుడు చేస్తూ మిగిలిన మెట్లు ఎక్కింది. పైకి వచ్చేసరికి ఇద్దరూ నవ్వు ముఖాలతో ఉన్నారు.

తాళం తీసి లోపలికి రమ్మంది. తమ్ముడు వెంటనే రాలేదు. గుమ్మంలో ఆగి, ఒక అడుగు వెనక్కి వేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని గదంతా కలయజూశాడు. ఎప్పుడొచ్చినా అదే చేస్తాడు. అతనే కాదు, ఈ రెండు నెలల్లో ఆ గదికి వచ్చినవాళ్ళందరూ గుమ్మంలో అలా ఓ నిమిషం ఆగినవాళ్ళే.

"ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, బొమ్మలా ఉంది" అన్నాడు. "ఇంటిని చూసి ఇల్లాలిని చూడమని ఊరికే అనలేదు."

"అయితే మన ఇల్లు చూసినవాళ్ళు మీ గురించి కూడా ఏదో ఒకటి అనుకుంటూనే ఉంటారు" అంటూ మరదలు అతన్ని తప్పించుకుని లోపలికి వచ్చేసింది.

తమ్ముడు మంచం అంచున కూర్చున్నాడు, కొత్త చుట్టాల ఇంట్లో కూర్చున్నట్టు. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా అతను. ఆ రోజు మంగళవారం, ఆమెకి సెలవు కాబట్టి, సగం పూట పర్మిషన్ పెట్టి వచ్చాడు. చెప్పదలుచుకున్నది వరసలో పెట్టుకునే వచ్చినట్టున్నాడు. గది అద్దెకిచ్చిన, కింద నేల అంతస్తులో ఉండే ఇంటావిడ మొదటి రెండు నెలలూ ఉండి చూసుకోమంది. ఆ గడువు వచ్చే మంగళవారంతో సరి. ఉంటానంటే పదకొండు నెలలకి కాగితం రాస్తుంది. ఉండనంటే ఆ గదిలోకి రావడానికి ఎవరో నర్సమ్మ సిద్ధంగా ఉంది. కాబట్టి వచ్చే మంగళవారం సాయంత్రం ఐదింటికి తాను బండి తీసుకుని వస్తాడు. తమ ఇంటి హాల్లో ఆమె పడుకునే దివాను ఎక్కడిదక్కడే ఉంది, ఎవరూ కదపలేదు. ఇందులో తప్పొప్పుల ప్రసక్తే లేదు, సరదాపడింది, చూసుకుంది, అయిపోయింది.

ఆమె ఏదో అనబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"షాపు కట్టెయ్యగానే ఎక్కడికి వస్తున్నావు? మా ఇంటికి. భోజనం అయ్యేదాకా ఉండి, పడుకోడానికి మాత్రం ఇక్కడికి వస్తున్నావు. నీకు ఇక్కడ కాలు నిలవడం లేదక్కా. నాకు కనపడదా?"

అది నిజమే. టీ పెడతానని లేచింది. లేస్తూ, తాను ఆనుకున్న దిండుని రెండు చేతుల్తో తట్టి, నడినెత్తిన అరచేత్తో ఒక వేటు వేసి నిలబెట్టింది. టీ తాగి వాళ్ళు వెళ్ళిపోయాక మంచం మీద దుప్పటి లాగి సరిచేసింది. మరదలు కూర్చున్న కుర్చీలో దిండునీ అలాగే తట్టింది. గది మళ్ళీ బొమ్మలా అయింది. అప్పుడిక అక్కడ చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

*

షాపులో ఆమెని గదులక్క అంటారు. మూడంతస్తుల ఫర్నిచరు షాపు అది. రెండో అంతస్తులో వరసగా తొమ్మిది నమూనా గదులుంటాయి. పెళ్ళైన కొత్తవాళ్ళ పడకగది, పిల్లల గది, పెద్దవాళ్ళ గది, ఇలా. వాటి మధ్యలోంచి జనం నడిచే దారిని నడవ అంటారు. ఆ తొమ్మిది గదుల్నీ నెలకోసారి విప్పి కొత్తగా సర్దడం గదులక్క పని. ఇరవై మూడో ఏట బిల్లులు రాయడానికి చేరింది, ఇప్పుడు నలభై తొమ్మిది.

పని నేర్పింది ఒక పెద్దాయన. షాపులోకి రాకముందు ఆయన నాటకాలకి రంగస్థలం అమర్చేవాడు. అందుకని ఆయన దృష్టిలో గదికి మూడే గోడలు, నాలుగోది ప్రేక్షకులది. ఏ వస్తువు వీపూ నడవకి కనపడకూడదు. కుర్చీలు నడవ వైపు కొంచెం ఓరగా తిరిగి, రండి రండి అన్నట్టుండాలి. ఏదైనా జతగా పెట్టాలి, రెండు దిళ్ళు, రెండు కప్పులు, రెండు కుర్చీలు. ఒక్కటే పెడితే చూసేవాళ్ళకి దిగులు పుడుతుంది, దిగులు పుడితే కొనరు. దీపం చదువుకోవడానికి కాదు, గోడని చూపించడానికి. గడియారంలో బ్యాటరీ వెయ్యకూడదు, పది దాటి పది నిమిషాల దగ్గర ముళ్ళు ఆపి ఉంచితే అది నవ్వుతున్నట్టుంటుంది. ఎవరైనా కూర్చుని లేస్తే దిండుని తట్టి నిలబెట్టాలి. ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టూ ఉండాలి, ఎవరూ ఎన్నడూ కూర్చోనట్టూ ఉండాలి. ఆయన పోయి పదేళ్ళయింది. ఆయన చెప్పినవి ఆమె చేతుల్లోకి దిగిపోయి, ఇప్పుడు అవి ఎవరో చెప్పిన మాటలని కూడా గుర్తు లేదు.

ఇంట్లో మాత్రం ఆమె ఎప్పుడూ ఏమీ సర్దింది లేదు. తల్లితో కలిసి రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేది. ఏ వస్తువు ఎక్కడుండాలో తల్లి మోకాళ్ళు నిర్ణయించేవి. మందుల బల్ల మంచానికి చెయ్యి దూరంలో, చేతికర్ర గోడకి, మిగిలినవి మిగిలిన చోట. తల్లి పోయాక అంత ఇల్లు ఒక్కదానికెందుకని తమ్ముడు తన ఇంటికి తీసుకెళ్ళాడు. ఏడు నెలలు హాల్లో దివాను మీద పడుకుంది. ఇంట్లోవాళ్ళు లేవకముందే లేచి పక్క చుట్టేసేది. వందల గదులు సర్దిన మనిషికి, పక్కచుట్ట పెట్టుకోవడానికి సోఫా వెనక జానెడు చోటు. ఎవరూ ఒక్క మాట అన్నది లేదు. అనకపోయినా, మేనకోడలు పరీక్షలకి చదువుకుంటుంటే గ్లాసు కింద పెట్టడానికి కూడా ఆమె ఆలోచించేది.

అందుకే, మెట్ల పక్క బోర్డు చూసి ఈ గది అడగడానికి వెళ్ళిన రోజున ఆమె అద్దె ఎంతో అడక్కుండానే సరేనంది. ఒకటే గది, పదహారడుగుల పొడవు, పదకొండు వెడల్పు. ఈ కొసన తలుపు, ఆ కొసన కిటికీ, ఎడమ గోడ వెంబడి వంట గట్టు, తలుపు పక్కనే స్నానాలగది. షాపులో ఏళ్ళ తరబడి ఒక్కరోజూ సెలవు పెట్టని మనిషి మూడు రోజులు సెలవు పెట్టింది. గళ్ళ కాగితం మీద గీసుకుంది, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టుకుంది. షాపులో గీత పడి పక్కన పెట్టిన నిలువెత్తు చెక్క అలమర తెచ్చుకుని, గీత గోడ వైపు వచ్చేలా పెట్టుకుంది. రెండు కుర్చీలు, ఒక గుండ్రటి బల్ల, మూలకి ఒక పొడుగాటి దీపం, కింద బూడిదరంగు తివాచీ. పైనున్న ట్యూబులైటు కళ్ళల్లో గుచ్చుతోందని తీయించేసింది. అలమర తలుపుల మీద చెక్కడం అందంగా ఉంటుంది. అది బాగా కనపడాలంటే కిటికీ గోడకే పెట్టాలి. పెడితే సగం కిటికీ దాని వెనక్కి పోయింది. మిగతా సగానికి నేల దాకా జారే పరదా వేసింది. కుర్చీలు పరదా ముందు, ఓరగా.

మూడో రోజు సాయంత్రం గుమ్మంలో నిలబడి చూసుకుంది. తన జీవితంలో సర్దిన గదుల్లోకెల్లా మంచి గది అది. షాపువాళ్ళు వచ్చి చూసి నోరు వెళ్ళబెట్టారు. మేనేజరు గుమ్మంలోంచి ఫోటో తీసుకుని, చిన్న ఇళ్ళవారికి పనికొస్తుందని షాపులో కౌంటరు వెనక తగిలించాడు.

ఆ గదిలో ఆమె కూర్చోలేకపోయింది.

ఎందుకో తెలియదు. భయమా అంటే కాదు, తలుపులు గట్టివి, పక్కవాళ్ళు మంచివాళ్ళు. కుర్చీలో కూర్చుంటే ఎవరో పిలుస్తారన్నట్టు ఉండేది. లేచేది. లేచాక దిండు తట్టేది. తట్టిన దిండు మీద మళ్ళీ కూర్చోబుద్ధి అయ్యేది కాదు. తిండి వంట గట్టు దగ్గర నిలబడే తినేసేది. పూలకుండీని అంగుళం జరిపేది, చూసేది, మళ్ళీ వెనక్కి జరిపేది. ఆరైతే చెప్పులేసుకునేది. ఏదో ఒకటి ఇచ్చే నెపం మీద తమ్ముడి ఇంటికి వెళ్ళేది. అక్కడ దివాను మీద కూర్చుంటే మాత్రం గంటలు గడిచిపోయేవి.

లోపం గదిలో ఉందని ఆమెకి తోచలేదు. గది చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు కదా. ఇక లోపం ఉండవలసింది ఒక్క చోటే. ఇన్నేళ్ళూ ఎవరో ఒకరి పక్కన బతికిన మనిషి, ఒక్కతే ఉండటం తన వల్ల కాదేమో. ఆ మాట మనసులో అనుకున్న రోజు నుంచీ ఆమె కొంచెం చిక్కింది. తమ్ముడు దాన్ని కూడా కనిపెట్టాడు.

*

బండి మాట ఖాయమయ్యాక మిగిలింది వారం రోజులు. ఈసారి వెనక్కి వెళితే ఇక బయటికి రావడమంటూ ఉండదని ఆమెకి తెలుసు. రెండోసారి గది చూసుకుంటానంటే తమ్ముడు నొచ్చుకుంటాడు, జనం నవ్వుతారు. అన్నిటికన్నా, రెండోసారి అడిగే మొహం తనకే ఉండదు. ఆ దివాను మీదే అరవై వస్తుంది, డెబ్భై వస్తుంది.

కాబట్టి ఆ వారం ఆమె గట్టిగానే ప్రయత్నించింది. తనకి తెలిసిన పద్ధతిలో ప్రయత్నించింది. షాపులో ఒక గది ముందు జనం ఆగకుండా వెళ్ళిపోతుంటే మొదట దిళ్ళ గలీబులు మారుస్తారు. అప్పటికీ ఆగకపోతే ఒక మొక్క పెడతారు. అప్పటికీ కాకపోతే పరదా. బుధవారం ఆమె దిళ్ళకి ఆవపిండి రంగు గలీబులు తొడిగింది. గుమ్మంలోంచి చూస్తే గది నిజంగానే వెచ్చగా కనపడింది. లోపలికి వచ్చి కూర్చుంది. పావుగంట పట్టలేదు, లేచి వీధిలోకి వెళ్ళి, అక్కర్లేని సబ్బులు నాలుగు కొనుక్కుని వచ్చింది. గురువారం మొక్క వచ్చింది. శుక్రవారం పరదా మారింది. శనివారం, ఆదివారం షాపులో రద్దీ, ఊపిరి సలపలేదు. అందుకు ఆమె లోలోపల సంతోషించింది.

సోమవారం పొద్దున మెట్ల మీద ఇంటావిడ ఎదురైంది. బడిలో ఆటల టీచరుగా చేసి రిటైరైన మనిషి. మెడలో విజిల్ లేకపోయినా ఉన్నట్టే మాట్లాడుతుంది. మేడలో అందరూ విజిల్ టీచర్ అంటారు, ఆవిడకీ ఆ సంగతి తెలుసు.

"రేపు సాయంత్రం నేను పైకి వస్తాను. ఉంటే ఉన్నానని, పోతే పోతున్నానని. మధ్యలో ఆలోచిస్తున్నానండీ అనకూడదు."

అలాగేనంది గదులక్క. ఆ రోజంతా షాపులో పిల్లల గది విప్పుతూ, ఏం చెప్పాలో వాక్యం కట్టుకుంది. గది చాలా బాగుందండీ, నాకే పడలేదు. అంతకన్నా మర్యాదైన వాక్యం దొరకలేదు.

*

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి మరదలు ఒక్కతే వచ్చింది. ఆయన ఐదింటికి బండితో వస్తారని, ఈలోగా చిన్నచిన్న సామాన్లు మూటగట్టమని తనని ముందు తోలారని చెప్పింది. చెప్పి, మూటలు కట్టే ప్రయత్నమేమీ చెయ్యలేదు. సంచిలోంచి కూతురి స్కూలు గౌను తీసి, సూదీ దారం తీసి, కుర్చీలో కూర్చుంది. కింది మడత ఊడదీసి పొడుగు పెంచాలట. పిల్ల తాడిచెట్టులా ఎదుగుతోందట.

"పాత గౌనులు ఉంచమని నీకు ఎప్పుడో చెప్పాను" అంది గదులక్క. ఆమె ఆసరికి వంట గట్టు మీద గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది.

"పాతవన్నీ మీ దివాను కిందే ఉన్నాయి. అది కదిపితే కదా తియ్యడానికి." మరదలు సూదిని కంటికి దగ్గరగా పెట్టుకుంది. దారం ఎక్కలేదు. తడిచేసి మళ్ళీ గురిపెట్టింది. ఎక్కలేదు.

గదులక్క వచ్చి మూలనున్న దీపం వేసింది. వెలుగు గోడ మీద విసనకర్రలా విప్పుకుంది.

"గోడకి బాగా పడింది" అంది మరదలు. లేచి, కుర్చీని ఎత్తి, కిటికీ వైపు తిప్పి వేసుకుంది. పరదా పక్కకి లాగింది. సగం కిటికీలోంచి సగం వెలుగు వచ్చింది. దాని పక్కన అలమర, గుమాస్తాలా అడ్డంగా నిలబడి ఉంది. మరదలు దాన్ని పైనుంచి కిందికి చూసింది.

"టైమెంతయింది వదినా? ఈ గడియారం ఆగిపోయినట్టుంది."

"ఆగలేదు. బ్యాటరీ వెయ్యలేదు."

మరదలు గడియారాన్నీ, తర్వాత ఆడపడుచునీ చూసింది. గౌను బల్ల మీద పెట్టి, అలమరకి ఒక పక్క చెయ్యి వేసింది.

"ఒక చెయ్యి వెయ్యండి. దీన్ని కిటికీ ముందు నుంచి తీసేస్తే తప్ప నాకు దారం ఎక్కేలా లేదు."

"ఎక్కడ పెడతావు?"

"ఎక్కడో ఒక చోట. అదిగో, ఆ తలుపుకీ మంచానికీ మధ్య. ఎలాగూ గంటలో బండెక్కేదే కదా."

"అక్కడ కుదరదు" అంది గదులక్క. ఆలోచించకుండానే అనేసింది. "వీపు కనపడుతుంది."

"దేని వీపు?"

"దీనిది. వెనకంతా పాలిష్ లేని చెక్క. గుమ్మంలోంచి చూస్తే అదే కనపడుతుంది."

"గుమ్మంలో ఎవరున్నారు వదినా?"

మరదలు వెటకారంగా అనలేదు. తెలుసుకుందామన్నట్టే అడిగింది. గదులక్క తలుపు వైపు చూసింది. తలుపు వేసి ఉంది. లోపలి వైపు చిలక్కొయ్యకి ఆమె గొడుగు వేలాడుతోంది. తలుపు నుంచి కుర్చీల వైపు చూసింది, కుర్చీల నుంచి మంచం వైపు, దీపం వైపు, జతగా పెట్టిన కప్పుల వైపు. మరదలు తిప్పిన కుర్చీ తప్ప మిగిలినవన్నీ తలుపుని చూస్తున్నాయి. పెద్దాయన ఉంటే భుజం తట్టి ఉండేవాడు. ఆయన గదులన్నిటికీ మూడే గోడలు. ఈ గదికి నాలుగున్నాయి, ఆ నాలుగింటి మధ్య ఆమె రెండు నెలలు నడవకి ఎదురుగా కూర్చుంది.

"ఏమైంది?" అంది మరదలు.

"ఏం లేదు. నువ్వు ఆ పక్క పట్టుకో. నేను ఈ పక్క పడతాను. ఎత్తకు, దీని కాళ్ళ కింద తివాచీ ఉంది, దాంతోపాటు లాగుదాం."

అది ఆమె వృత్తి కాబట్టి అలమర సులువుగానే కదిలింది. మరదలు మాత్రం రెండుసార్లు ఆగి నడుం పట్టుకుంది. తలుపుకీ మంచానికీ మధ్య అడ్డుగోడలా నిలబెట్టారు. వెనక కిటికీ పూర్తిగా బయటపడింది. రెండో రెక్క తుప్పు పట్టి కిరకిరలాడుతూ తెరుచుకుంది. మరదలు కుర్చీ అక్కడికి లాక్కుని మొదటి ప్రయత్నంలోనే దారం ఎక్కించింది.

కుట్టినంతసేపూ మూటల ఊసు ఇద్దరూ ఎత్తలేదు. మడత చివరికి వచ్చి, దారం పంటితో కొరికి, మరదలు తలెత్తకుండా చెప్పింది.

"ఒక మాట చెబుతాను, ఆయనతో అనకండి. మీరు వస్తే నాకు బరువు కాదు. రాకపోతే లోటూ కాదు. కాబట్టి నా వైపు నుంచి ఆలోచించకండి. ఆయన ఆఫీసు వైపు నుంచి అసలే ఆలోచించకండి."

గౌను మడిచి సంచిలో పెట్టుకుంది. స్కూలు వదిలే వేళయింది, పిల్లని తీసుకుని ఇంటికి వెళతానని, మిగతాది ఆయనా మీరూ చూసుకోండని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక గదులక్క గది మధ్యలో నిలబడింది. గళ్ళ కాగితం తియ్యలేదు, సుద్దముక్క తియ్యలేదు. ముందు వెళ్ళి మంచం మీద కూర్చుంది. అక్కడి నుంచి ఏం కనపడుతోందో చూసింది. లేచి మంచాన్ని అడుగున్నర ముందుకి లాగి మళ్ళీ కూర్చుని చూసింది. అలా ఒక్కో వస్తువునీ దాని మీద కూర్చుని, లేదా దాని పక్కన కూర్చుని, చెయ్యి చాపి, అందుతుందో లేదో చూసి పెట్టింది. పొడుగాటి దీపం మంచం తల దగ్గరికి వచ్చి, ముఖం కిందికి వంచుకుంది. దాని తీగ నేల మీదుగా చాలక బల్ల మీదుగా వేలాడింది. షాపులో అయితే తీగ కనపడటం నేరం. గుండ్రటి బల్ల కుడిచేతి వైపుకి వచ్చింది. రెండు కుర్చీల్లో ఒకటి స్నానాలగది పక్కన తువ్వాలు ఆరేసుకోవడానికి వెళ్ళింది.

అప్పుడు వచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. మేడ వెనక ఒక రేకుల షెడ్డు ఉంది, ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసేది. ఒక ముసలతను స్టూలు మీద కూర్చుని రాగితీగ చుట్టుకుంటూ, పెదాలు కదుపుతూ చుట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. మధ్యలో ఎవరో వచ్చి ఏదో అడిగారు. అతను ఎడమచెయ్యి ఎత్తి ఆగమన్నాడు, లెక్క పూర్తయ్యాక మాట్లాడాడు. ఎదురు మేడ పిట్టగోడ మీద ఉతికిన బూట్లు నాలుగు జతలు ఎండుతున్నాయి. ఎండ షెడ్డు రేకుల మీద నుంచి ఈ కిటికీలోకి వచ్చి పడుతోంది. నేల మీద చాపంత మేర పరుచుకుని, నెమ్మదిగా మంచం కాలి వైపు జరుగుతోంది. రెండు నెలల నుంచీ ప్రతి రోజూ ఇదే వేళకి అది వచ్చి, అలమర వీపుకి తగిలి వెళ్ళిపోతూ ఉండి ఉంటుంది.

దాహమేసి ఆమె లేచింది. నీళ్ళు తాగి వచ్చి, తన బరువుకి దిండులో పడిన గుంటలోనే కూర్చుంది. ముసలతను ఇంకో మోటారు అందుకున్నాడు. ఆమె కూడా అతనితోపాటు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నూట ఎనభై దాకా వచ్చాక లెక్క తప్పింది, మళ్ళీ మొదలుపెట్టింది.

*

మెట్ల మీద తమ్ముడి గొంతు వినపడేదాకా ఐదు దాటిందని ఆమెకి తెలియలేదు. బండి మనిషికి మలుపుల దగ్గర ఎలా తిప్పుకోవాలో చెబుతూ వస్తున్నాడు. తలుపు తోసి, అలవాటు ప్రకారం గుమ్మంలో ఆగాడు. అలవాటు ప్రకారం నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు. చూడటానికి మాత్రం ఏమీ లేదు. ఎదురుగా నిలువెత్తు పాలిష్ లేని చెక్క, దాని మీద సుద్దతో రాసిన షాపు నంబరు.

"అప్పుడే సర్దేశావా?" అన్నాడు, ముఖం విప్పారి. "నేనొచ్చాక లాగేవాళ్ళం కదక్కా, ఒక్కదానివే ఎందుకు అవస్థపడ్డావు?" వెనక్కి తిరిగి, ముందు ఈ పెద్దది దించేద్దామని బండి మనిషికి చెప్పాడు.

ఆ మనిషి తువ్వాలు తలకి చుట్టుకున్నాడు. అతని వెనక నుంచి విజిల్ టీచర్ పైకి వచ్చింది. నాలుగంతస్తులు ఎక్కినా ఆయాసం లేదు. అలమర వీపు చూసి, తమ్ముణ్ణి చూసి, తల ఊపింది.

"ఖాళీయే అన్నమాట. సరే, నర్సమ్మకి ఆరింటికల్లా చెబుతానన్నాను, ఫోను చేసేస్తాను" అని ఫోను తీసింది.

అలమర పక్క సందులోంచి గదులక్క బయటికి వచ్చింది. ఒక చెంప ఎండకి ఎర్రబడి ఉంది.

"బండి పంపించెయ్యరా" అంది తమ్ముడితో. తర్వాత ఇంటావిడ వైపు తిరిగింది.

"ఆవిడకి ఫోను చెయ్యకండి టీచర్‌గారూ. పదకొండు నెలలకి కాగితం రాయించండి. నేను ఇక్కడే ఉంటున్నాను."